పాత జీపు పికప్పుకు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు అమర్చడం గురించి సలహా కావాలి

జయపురం అల్లంతోట:

నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు 1986లో కొన్న మహీంద్రా పికప్పు ఈనాటికీ మా తోట పనులన్నింటికీ ఆధారంగా ఉంది. అల్లం బస్తాలు, కూరగాయల గంపలు వేసుకుని ఘాట్ ఎక్కి కొరాపుట్ మీదుగా కుందులి వారపు సంతకు వెళ్ళేది ఆ బండి మీదే. ముందు చక్రాలకు డ్రైవు లేదు, ముందూ వెనకా కమాను పట్టీలే ఉన్నాయి. ఇంజను బరువైన డీజిల్‌ది, దాన్ని ఆపడానికి డ్యాష్‌బోర్డు కింద లాగే నాబు ఉంది. స్టీరింగు పాత విల్లీస్ జీపుల తరహా క్యామ్ అండ్ లివర్ బాక్సు (షాఫ్టు కొనన ఉన్న మెలిగాడి, అంటే క్యామ్, ఒక లివర్‌ను తోసి చక్రాలను తిప్పే పెట్టె), పొడవైన షాఫ్టు నేరుగా బాక్సులోకే దిగుతుంది. బ్యాటరీ 12 వోల్టులది, నెగటివ్ ఎర్త్.

నాన్నగారికి కిందటి ఏడాది కుడి భుజానికి ఆపరేషను జరిగింది. బండి కదులుతున్నంతసేపు ఆయనకు పెద్ద ఇబ్బంది లేదు కాని, సంతలో లారీల మధ్య ఇరుకున నిలబడి, ఉన్నచోటే చక్రం తిప్పవలసి వచ్చినప్పుడు భుజం పట్టేస్తోంది. నేను కూడా ఈ బండి నడుపుతాను. సరుకు నిండా ఉన్నప్పుడు వెనక్కి తీసి మలుపు తిప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. ఈ బండిని అమ్మి కొత్తది తీసుకోమని చుట్టాలు చెబుతున్నారు. ఈ బండి ఉండగా మరొక బండి ఎక్కనని నాన్నగారు అంటున్నారు, నాకూ అమ్మాలని లేదు.

ప్రమాదంలో పాడైన చిన్న కారు నుంచి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు కాలమ్‌ను, అంటే మోటారుతో సహా స్టీరింగు షాఫ్టూ దాని గొట్టమూ ఉన్న భాగాన్ని, తీసి పాత జీపులకు అమరుస్తున్నారని విన్నాను. ఇంజను ముందు పంపు, బెల్టు, ఆయిల్ గొట్టాలు పెట్టే హైడ్రాలిక్ పద్ధతికంటే ఇది మా బండికి తగినదేనా? ఇంత పాత కరెంటు అమరిక దాన్ని మోయగలదా? మధ్యలో అది పనిచేయడం మానేస్తే ఘాట్‌లో ఏమవుతుంది? బండి సరుకు వాహనంగా నమోదై ఉన్నందున ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకువెళ్ళాలి, అక్కడ అభ్యంతరం వస్తుందా? ఈ పని స్వయంగా చేసినవారు, చేయించుకున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు. రెండేళ్ళ కిందట పాత సన్నటి టైర్లు తీసివేసి కొంచెం వెడల్పైన రేడియల్ టైర్లు వేయించాము, అది కూడా కారణమేమో తెలియదు.

సాలూరు లేతుపని:

అమ్మా, మీ ప్రశ్న చక్కగా ఉంది. అయితే మోటారు కొనే ముందు బండిని ఒక ప్రశ్న అడగాలి. ఈ బండి స్టీరింగు పుట్టుకతోనే ఇంత బరువుగా ఉందా, లేక వయసు మీద పడి బరువెక్కిందా? సాలూరు లారీల ఊరు కాబట్టి స్టీరింగు బరువని మా లేతు దగ్గరకు వచ్చే బండ్లు చాలానే చూస్తుంటాను. వాటిలో చాలావాటికి మందు కింగ్ పిన్నుల దగ్గర, అంటే ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీల దగ్గర, దొరుకుతుంది. అరిగిపోయి, గ్రీజు ఎండిపోయిన కింగ్ పిన్నుల మీద ఎలక్ట్రిక్ మోటారు పెడితే, నొప్పి తెలియకుండా సూది వేయించుకుని విరిగిన కాలితో నడిచినట్టే అవుతుంది. బరువు తెలియదు, కాని అరుగుదల ఆగదు, అది ఎప్పుడు తెగుతుందో చెప్పే గుర్తు కూడా చేతికి అందదు.

మీ ఇంట్లో అల్లం తూచే స్ప్రింగు కాటా ఉంటుంది కదా, దాని కొక్కేన్ని స్టీరింగు చక్రం అంచుకు, ఆకు ఉన్నచోట తగిలించి, సిమెంటు నేల మీద బండి ఖాళీగా నిలబడి ఉండగా అంచుకు సరిగ్గా అడ్డంగా లాగి, చక్రం కదిలేటప్పుడు ఎన్ని కిలోలు చూపుతుందో రాసుకోండి. తరువాత ముందు యాక్సిల్‌ను జాకీ మీద లేపి, రెండు చక్రాలూ గాలిలో ఉండగా అదే కొలత తీయండి. మూడోసారి డ్రాగ్ లింకును, అంటే స్టీరింగు బాక్సును చక్రాలకు కలిపే కడ్డీని, విప్పి, స్టీరింగును మాత్రమే తిప్పి కొలవండి, అప్పుడే చక్రాలను చేత్తో పక్కకు తోసి అవి ఎంత తేలికగా తిరుగుతున్నాయో చూడండి. లింకు విప్పాక స్టీరింగు తేలికగా తిరిగి చక్రాలు బిగుతుగా ఉంటే దోషం కింగ్ పిన్నులదో టై రాడ్ ఎండ్లదో (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ కొనల కీళ్ళు) అవుతుంది. స్టీరింగే బిగుతుగా ఉంటే బాక్సులో గాని, కాలమ్ పై బేరింగులో గాని వెతకాలి. బాక్సులో నూనె ఉందో లేదో కూడా చూడండి, పాత బాక్సుల నుంచి నూనె సీలు దాటి కారిపోయి లోపల పొడిగా ఉండటం తరచుగా చూస్తాను.

టైర్ల సంగతి మీరు సరిగానే అనుమానించారు. వెడల్పు టైరు నిలబడి ఉన్నచోట నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, గాలి తక్కువైతే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. అందుకే బండి కదలగానే సగం బరువు మాయమవుతుంది. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి దాటకుండా, మీరు వేసే బరువుకు తగిన గాలి పెట్టి మళ్ళీ కొలవండి. ఈ కొలతలు ఇక్కడ రాస్తే తరువాతి మాట చెబుతాను.

గుణుపురం ఆటో ఎలక్ట్రిక్:

పై పెద్దాయన చెప్పిన వరుసే సరైనది. ఆయన చెప్పినవన్నీ అయ్యాక కూడా మోటారు అవసరమైతే, కరెంటు గురించి మీరు తెలుసుకోవలసినవి నేను చెబుతాను.

ముందుగా ఇది పనిచేసే తీరు. కాలమ్ మధ్యలో టార్షన్ బార్ అనే సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. మీరు చక్రం తిప్పినప్పుడు అది కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలికను టార్కు (తిప్పే బలం) సెన్సారు కొలిచి ఈసీయూకు, అంటే మోటారును నడిపే కంప్యూటరు పెట్టెకు, చెబుతుంది. ఈసీయూ మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో నిర్ణయిస్తే, మోటారు ఒక వార్మ్ గేరు ద్వారా అదే షాఫ్టును మీతో కలిసి తిప్పుతుంది. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో మార్కెట్లోకి వచ్చిన పద్ధతి ఇదే. మన దేశంలో వ్యాగన్ ఆర్ వంటి చిన్న కార్లలో ఇలాంటి కాలమ్‌లే ఉంటాయి. విదేశాల్లో పాత ట్రక్కుల అభిమానులు ఒపెల్ కోర్సాలో సి తరం కాలమ్‌ను ఎక్కువగా వాడతారు. మన దగ్గర అమ్మిన కోర్సా అంతకు ముందు తరానిది కాబట్టి, ఆ పేరు చూసి ఇక్కడి పాత సామాను దుకాణాల్లో వెతికి ప్రయోజనం లేదు.

నేరుగా నడిచేటప్పుడు ఇది కొద్ది ఆంపియర్లే తీసుకుంటుంది. మీరు బాధపడే పనిలో, అంటే నిలబడి ఉన్నచోట చివరిదాకా తిప్పేటప్పుడు, కొన్ని క్షణాలపాటు 40 నుంచి 60 ఆంపియర్ల దాకా లాగగలదు. సరిగ్గా అప్పుడే ఇంజను నెమ్మదిగా ఉంటుంది, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు తన పూర్తి శక్తి ఇవ్వలేదు, లోటంతా బ్యాటరీ పూడ్చాలి. కాబట్టి ఆల్టర్నేటరు వివరాల పలక మీద ఆంపియర్లు ఎన్నో చూడండి. 35 దగ్గర ఉంటే 60కి తగ్గనిది వేయించడం మంచిది. రాత్రి రెండు హెడ్‌లైట్లకే 9 ఆంపియర్లు పోతాయి, వర్షంలో వైపరు దానికి తోడు.

తీగ మందం గురించి చాలామంది అశ్రద్ధ చేస్తారు కాబట్టి లెక్క చెబుతాను. బ్యాటరీ నుంచి కాలమ్‌కు 3 మీటర్ల తీగ అనుకుందాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 50 ఆంపియర్ల దగ్గర ఆ తీగలోనే 1 వోల్టు పైన పోతుంది, తీగ కూడా వేడెక్కుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది పావు వోల్టు మాత్రమే. ఎర్త్ తీగ కూడా అంతే మందంగా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు గాని ఇంజను దిమ్మకు గాని వెళ్ళాలి, తుప్పు పట్టిన బాడీ రేకుకు కట్టకూడదు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న తీగ ఎక్కడైనా చాసిస్‌కు రాసుకుంటే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఈ మందపు తీగ ఎట్టి పరిస్థితిలోనూ తాళం స్విచ్చి గుండా పోకూడదు. తాళం నుంచి ఈసీయూకు వెళ్ళేది మేలుకోమని చెప్పే సన్నటి తీగ మాత్రమే.

ఇక మీ బండికి ప్రత్యేకమైన మాట ఒకటి ఉంది, దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. మీ ఇంజను నాబు లాగితేనే ఆగుతుంది, తాళం తీస్తే ఆగదు. పెట్రోలు కారులో తాళం తీస్తే ఇంజనూ స్టీరింగు సాయమూ కలిసి ఆగుతాయి. మీ బండిలో తాళం తీసినా ఇంజను నడుస్తూనే ఉంటుంది, బండి ముందుకు పోతూనే ఉంటుంది, స్టీరింగు సాయం మాత్రం ఆగిపోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది, కారు నుంచి తెచ్చిన కాలమ్‌తోపాటు దాని స్టీరింగు తాళం కూడా వస్తుంది. తాళంచెవి బయటికి తీసి చక్రం కొద్దిగా తిప్పితే ఆ తాళం షాఫ్టును బిగించేస్తుంది. నడుస్తున్న డీజిల్ బండిలో అది జరిగితే కాపాడేది ఏదీ ఉండదు. అందుచేత ఆ తాళపు పిన్నును పూర్తిగా తీసివేసి, మీ పాత తాళాన్ని డ్యాష్‌బోర్డు మీదనే ఉంచండి.

కాలమ్ ఎంచుకునేటప్పుడు, వేగపు సమాచారాన్ని విడి తీగ ద్వారా పల్సులుగా తీసుకునే పాత తరం కారుది చూడండి. కొత్త కార్లలో ఆ సమాచారమంతా డేటా లైను మీద వస్తుంది, అది అందకపోతే కొన్ని ఈసీయూలు సాయమే చేయవు, కొన్ని ఒకే స్థాయిలో సాయం చేస్తూ ఉండిపోతాయి. నిలబడి ఉన్నప్పుడు ఎంత తేలికో 60 కిలోమీటర్ల వేగంలోనూ అంతే తేలికగా ఉంటే చేతికి రోడ్డు తెలియదు. మీ స్పీడోమీటరు కేబులుకు మధ్యలో పల్సు పంపే సెన్సారు అమర్చి ఈసీయూకు కలిపితే, వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గుతుంది. కిలోమీటరుకు ఎన్ని పల్సులు కావాలన్నది ఆ కారు సర్వీసు మాన్యువల్ చూసి సరిపోల్చుకోవాలి.

జయపురం అల్లంతోట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లేతు పెద్దాయన చెప్పినట్టే కాటాతో కొలిచాము. నాన్నగారే దగ్గర కూర్చుని రాయించారు. ఖాళీ బండి, సిమెంటు నేల, నిలబడి ఉన్నచోట 22 కిలోలు. జాకీ మీద లేపితే 7 కిలోలు. డ్రాగ్ లింకు విప్పి స్టీరింగు ఒక్కటే తిప్పితే కిలో కూడా లేదు. చక్రాలను చేత్తో తోస్తే ఎడమది బాగా బిగుతుగా ఉంది. విప్పించి చూస్తే ఎడమ కింగ్ పిన్ను బుష్షు ఒక పక్కకు అరిగిపోయి, గ్రీజు దారి మట్టితో పూడుకుపోయి ఉంది. రెండు వైపులా కొత్త పిన్నులు, బుష్షులు, థ్రస్టు బేరింగులు వేయించి, టైర్లలో గాలి సరిచేశాక నిలబడి ఉన్నచోట 14 కిలోలకు తగ్గింది, జాకీ మీద 2 కిలోలు. మా చక్రం వ్యాసం 42 సెంటీమీటర్లు కాబట్టి, మా పిల్లవాడి లెక్క ప్రకారం షాఫ్టు మీద పడే టార్కు సుమారు 45 న్యూటన్ మీటర్ల నుంచి 29కి వచ్చింది.

నాకైతే ఇప్పుడు చాలా హాయిగా ఉంది. కాని వైద్యులు నాన్నగారిని కుడి చేత్తో 5 కిలోలకు మించి లాగవద్దన్నారు, కాబట్టి మోటారు అవసరం ఇంకా ఉంది. పొడవైన షాఫ్టును కోయకుండా కాలమ్ ఎలా అమర్చాలో మాత్రం అర్థం కావడం లేదు.

రాయగడ పాతజీపు:

కోయక తప్పదు. ఎలా కోయకూడదో నా అనుభవం చెబుతాను. నా దగ్గరున్నది కూడా మీ లాంటి బండే, రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ తరచుగా వెళుతుంటాను. నాలుగేళ్ళ కిందట ఒక షాపులో ఎలక్ట్రిక్ కాలమ్ పెట్టించాను. మొదటి నెల స్వర్గంలా ఉంది. ఒకరోజు కిందికి వంగి గ్రీజు కొడుతుంటే, కారు షాఫ్టునూ జీపు షాఫ్టునూ కొనకు కొన ఆనించి చుట్టూ వెల్డింగు చేసి వదిలేసినట్టు కనిపించింది. ఆ అతుకు అంచున వెంట్రుకంత గీత ఉంది, గుడ్డతో తుడిచి చూస్తే అది బీటే. దాని మీద నేను నెల రోజులు ఘాట్లు దిగాను, నా భార్యాపిల్లలను కూర్చోబెట్టుకుని. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎవరూ ఆ రకమైన అతుకును ఒప్పుకోవద్దు.

రెండోది వాన. కారులోని కాలమ్ మూసిన క్యాబిన్‌లో, పొడిగా ఉండే చోటు కోసం తయారైనది. మన బండ్లకు పక్కన గుడ్డ తలుపులే ఉంటాయి. నా బండిలో ఈసీయూను కాళ్ళ దగ్గర బిగించారు. శ్రావణంలో లక్ష్మీపూర్ దగ్గర జల్లు లోపలికి కొట్టి కనెక్టరులోకి నీరు చేరింది, ఎడమ మలుపు మధ్యలో సాయం ఒక్కసారిగా పోయింది. స్టీరింగు తెగిపోలేదు, ఎందుకంటే షాఫ్టు మొత్తం ఇనుముతోనే కలిసి ఉంటుంది, మోటారు చచ్చినా చేతులతో తిప్పవచ్చు. అయితే అంతదాకా రెండు వేళ్ళతో తిప్పుతున్న చక్రం ఒక్క క్షణంలో బండరాయిలా బిగుసుకుంటే, చేతులు దానికి అలవాటు పడేలోపు బండి పక్క వరుసలోకి పోతుంది. ఎదురుగా వాహనం లేదు కాబట్టి బతికాను. మీ నాన్నగారి భుజం దృష్ట్యా ఇది బాగా ఆలోచించండి. మోటారు ఆగినప్పుడు ఆయన 14 కిలోలు లాగలేరు కదా. కదిలే బండిలో అంత బరువు ఉండదు నిజమే, అయినా నిండు సరుకుతో ఘాట్ దిగేటప్పుడు మీరు నడిపి, సంత దగ్గర ఆయనకు ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు నా ఈసీయూ డ్యాష్‌బోర్డు వెనక ఎత్తున, కనెక్టర్లు కిందికి చూసేటట్టు, రేకు గొడుగు కింద ఉంది. తీగలు కనెక్టరుకు చేరే ముందు కొంచెం కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళతాయి కాబట్టి, వాటి మీద పడిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

సాలూరు లేతుపని:

రాయగడ సోదరులు చెప్పింది ప్రతి లేతు గోడ మీదా రాసి పెట్టుకోవలసిన మాట. ఇక అమ్మాయి అడిగినదానికి వస్తాను.

మీ తరహా బాక్సులో పొడవైన షాఫ్టూ లోపలి క్యామూ ఒకే ముక్క. దానికి పై ఆధారం స్టీరింగు చక్రం దగ్గరున్న బేరింగే. మధ్యలో కోసేస్తే కింది ముక్కకు పై ఆధారం పోతుంది, క్యామ్ ఊగుతుంది, లివర్ పిన్నులు దాన్ని ఒక పక్కకు తినేస్తాయి. అందువల్ల బాక్సు పైన కొద్ది పొడవు వదిలి కోసి, కాలమ్ గొట్టాన్ని కూడా అంతే పొట్టిగా చేసి, దాని పై అంచులో ఒక బేరింగు కూర్చోబెట్టాలి. ఆ తరువాతే షాఫ్టు కొనకు రెండు పక్కలా చదును గాని, పళ్ళు గాని తీసి యూనివర్సల్ జాయింటు (వంపులో కూడా షాఫ్టును తిప్పనిచ్చే కీలు) బిగించాలి. కోసే ముందు హారన్ తీగను పైకి లాగేయడం మరచిపోకండి, అది ఆ బోలు షాఫ్టు లోపలినుంచే వెళుతుంది. తరువాత హారన్‌కు కారు కాలమ్‌లోని అమరికనే వాడుకోవచ్చు.

జాయింటును వెల్డింగు చేయకుండా బోల్టుతో బిగించే రకం తీసుకోండి. బోల్టు పడే చోట షాఫ్టులో గాడి ఉండాలి, బోల్టుకు లాకింగ్ నట్టు ఉండాలి. రెండు జాయింట్లు వాడితే రెండింటి వంపూ సమానంగా, వాటి కొమ్ములు ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే చక్రం ఒకచోట తేలికగా ఒకచోట బరువుగా తిరుగుతుంది. ఒక్కో జాయింటు వంపు 30 డిగ్రీలు దాటకుండా చూడండి. మూడు జాయింట్లు అవసరమైతే మధ్య ముక్కకు ఆధారపు బేరింగు తప్పనిసరి.

మోటారు షాఫ్టును ఎంత బలంగా తిప్పుతుందో, తన గూడును అంతే బలంగా ఎదురువైపు తిప్పాలని చూస్తుంది. మన పాత డ్యాష్‌బోర్డు రేకు ఆ బలాన్ని తట్టుకోలేదు. ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడ) నుంచి డ్యాష్‌బోర్డు వెనక దాకా మందపు ఇనుప పట్టీతో చట్రం కట్టి దానికి బిగించాలి. చట్రానికి వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ విప్పి, ఈసీయూ తీగలు ఊడదీసి, కాలమ్‌ను బయట పెట్టి చేయాలి. కాలమ్ కొన మీద సుత్తితో ఒక్క దెబ్బ కూడా వేయకూడదు, లోపలి టార్కు సెన్సారు ఆ దెబ్బకు చెడిపోతే చక్రం తనంత తాను ఒక పక్కకు లాగే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. చేత్తో తిప్పే కాలంలో, చక్రాలు చివరికి చేరగానే మనిషి ఆగిపోయేవాడు. మోటారు ఆగదు, నెడుతూనే ఉంటుంది. కాబట్టి యాక్సిల్ దగ్గరున్న స్టాపు బోల్టులు, బాక్సు లోపల లివర్ పిన్ను క్యామ్ చివర తగలకముందే చక్రాన్ని ఆపేటట్టు సరిచేయాలి. బాక్సును చాసిస్‌కు బిగించిన చోట బీటలేమైనా ఉన్నాయేమో రంగు గోకి చూడండి, అక్కడ లోపల ఒక పట్టీ వేసి గట్టి చేయిస్తే ఇంకా మంచిది.

హైడ్రాలిక్ సంగతి అడిగారు. బరువైన బండికి అది నిజంగా దృఢమైనది, దానిలో సాయం బాక్సులోనే పుడుతుంది కాబట్టి కాలమ్ మీద భారం పడదు. కాని మీ ఇంజనుకు పంపు బిగించే బ్రాకెట్టు, పుల్లీ వరుస, బాక్సు కోసం చాసిస్ మార్పు, ఇవన్నీ కలిస్తే పని రెండింతలవుతుంది. ఖాళీ బండికి 14 కిలోలకు వచ్చిన స్టీరింగుకు ఎలక్ట్రిక్ చాలు.

పర్లాకిమిడి నియమావళి:

ఫిట్‌నెస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 98వ నియమం స్టీరింగు గురించినది. స్టీరింగు చక్రం దగ్గర ఖాళీ తిరుగుడు 30 డిగ్రీలు మించకూడదని, లింకుల బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలని, బోల్టులు, పిన్నులతో బిగించినవన్నీ ఊడిపోకుండా లాకు అయి ఉండాలని అది చెబుతుంది. తనిఖీ చేసే అధికారి ముందుగా చూసేవి ఇవే. పై పెద్దాయన చెప్పిన లాకింగ్ నట్లు, కొత్త కింగ్ పిన్నులు ఉంటే ఈ నియమం దగ్గర మీకు ఇబ్బంది రాకూడదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యే మార్పులను నిషేధిస్తుంది. స్టీరింగు సాయం ఆ పత్రంలో నమోదయ్యే వివరం కాదు. అయినా పని మొదలుపెట్టే ముందే మీ ఆర్టీఓ కార్యాలయానికి ఒక దరఖాస్తు ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకోండి. బీమా సంస్థకు కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిము సమయంలో తెలియజేయలేదన్న మాట రాకుండా ఉంటుంది.

జయపురం అల్లంతోట:

మూడు నెలల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. దరఖాస్తు ఇచ్చాక పని సాలూరులోనే చేయించాము. పాత వ్యాగన్ ఆర్ కాలమ్, కొత్త ఆల్టర్నేటరు, 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించి, స్టీరింగు తాళం పిన్నును తీయించాము. జాయింట్లన్నీ బోల్టులవే, మోసే భాగంలో ఎక్కడా వెల్డింగు లేదు. అదే కాటాతో, అదే సిమెంటు నేల మీద ఇప్పుడు 4 కిలోలు. ఖాళీ మైదానంలో బండి నెమ్మదిగా నడుస్తుండగా ఫ్యూజు తీసి నాన్నగారూ నేనూ ఇద్దరం తిప్పి చూశాము. నాకు పరవాలేదు, ఆయనకు కష్టమైంది. కాబట్టి రాయగడ వారు చెప్పిన ఏర్పాటే పాటిస్తున్నాము, ఘాట్‌లో నేను, సంతలో ఆయన. కిందటి వారం ఆయన కుందులిలో రెండు లారీల మధ్యనుంచి బండిని ఒక్కరే వెనక్కి తీశారు. దిగి వచ్చాక చాలాసేపు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఒక్క చిక్కు మిగిలింది. మలుపు తిరిగాక చక్రం వదిలేస్తే పూర్తిగా నడిమికి రావడం లేదు, చివరి కొంత మేర చేత్తో తేవలసి వస్తోంది. మోటారు వల్లనా?

సాలూరు లేతుపని:

కొంత మోటారు గేరు రాపిడి వల్ల, ఎక్కువ భాగం క్యాస్టరు (కింగ్ పిన్ను పైకొన వెనక్కి వాలే కోణం) తక్కువగా ఉండటం వల్ల. పాత విల్లీస్ జీపులకు క్యాస్టరు 3 డిగ్రీలే ఉండేది. క్యాస్టరు పెంచితే చక్రం బాగా తిరిగి వస్తుంది కాని బరువెక్కుతుంది, అందుకని చేత్తో తిప్పే కాలంలో తక్కువే పెట్టేవారు. ఇప్పుడు బరువు మోయడానికి మోటారు ఉంది కాబట్టి ఇంకో 2 డిగ్రీలు పెంచవచ్చు. యాక్సిల్‌కూ కమాను పట్టీలకూ మధ్య 2 డిగ్రీల ఆప్పు ముక్కలు (ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా ఉండేవి) వేయించండి. మీ బండిలో పట్టీలు యాక్సిల్ కింద ఉన్నాయి, కాబట్టి ఆప్పు మందపు వైపు ముందుకు ఉండాలి, అప్పుడే కింగ్ పిన్ను పైకొన వెనక్కి వాలుతుంది. తిరగేసి వేస్తే బండి రోడ్డు మీద నిలకడ లేకుండా తూలుతుంది. వేశాక టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉండే కొలత) మళ్ళీ కొలిపించి, యాక్సిల్‌ను పట్టీలకు బిగించే యూ బోల్టులను వంద కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగించండి.